తెరంతా సాగిన మొహాలు

కొత్త టీవీ మా ఇంటికొచ్చిన రోజు నన్నెవరూ ఏమీ అడగలేదు.

మాది నల్లపాడు. స్టేషన్‌కి అవతలి పక్క ఇల్లు. ముందుగదే నా కుట్టుకొట్టు. ఆ రోజు మధ్యాహ్నం ఎవరిదో జాకెట్టుకి చంకలు కలుపుతుంటే గుమ్మం ముందు ఆటో ఆగింది. మా ఆయన, ఆయన అక్క దిగారు. వాళ్ళ వెనక గుమ్మమంత అట్టపెట్టె దిగింది. వదిన లోపలికి వస్తూనే పాత టీవీ ప్లగ్గు పీకేసింది. సీరియల్ నడుస్తోంది, ఎవరో ఏడుస్తుంటే ఏడుపు మధ్యలోనే ఆగిపోయింది. ఆ పాతదాన్ని అదే ఆటోలో వెనక్కి పంపాలని, ఎక్స్ఛేంజికి షాపువాడు ఒప్పుకున్నాడని, నన్ను కాస్త జరగమని చెప్పింది. నేను జరిగాను. మా ఆయన, ఆటో అతను చెరో పక్క పట్టుకుని దాన్ని మోసుకుపోయారు. అది ఉన్నచోట గోడమీద చదరంగా తెల్లటి మచ్చ మిగిలింది.

ఆ టీవీ గురించి ఒక మాట చెప్పాలి. మా పెళ్ళైన రెండో ఏడు కొన్నాం. లావుపాటి వీపుండే డబ్బా టీవీ. ఇరవై ఏళ్ళు నా మెషిన్‌కి ఎదురుగా కూర్చుంది. నేను కుడుతూ తలెత్తినప్పుడల్లా చూసేది దాన్నే. నాకది కాలక్షేపం మాత్రమే కాదు. ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి, ఫలానా సీరియల్లో చిన్న కోడలు వేసుకున్న జాకెట్టు లాంటిది కుట్టమనేవాళ్ళు. మెడ ఎలా తిప్పారో, చేతికి ఎక్కడ పైపింగ్ వేశారో ఒక్క చూపులో పట్టుకునేదాన్ని. రంగు కూడా. ఆ టీవీ రంగులు కాస్త పసుపుగా చూపించేది. అందులో నారింజలా కనిపించింది అసలు చీరలో ఎరుపని నాకు తెలుసు. కింద కుడిమూల కొంచెం పచ్చమచ్చ ఉండేది, అక్కడ కనిపించే రంగుని నమ్మకూడదనీ తెలుసు. ఇరవై ఏళ్ళలో రంగు విషయంలో ఒక్క జాకెట్టు వెనక్కి రాలేదు.

ఆ పచ్చమచ్చే వదినకి నచ్చలేదు. వదిన మా వెనకవీధిలోనే ఉంటుంది. మా అత్తగారు చిన్నవయసులోనే పోతే మా ఆయన్ని ఎత్తుకుని పెంచింది వదినే. అందుకని ఆవిడ ఏమంటే అది ఈయనకి వేదం. ఇరవై ఏళ్ళలో ఆవిడ మాటకి ఈయన ఎదురు చెప్పడం నేను వినలేదు. కొత్తగా వాళ్ళింట్లో ఫ్లాట్ టీవీ కొన్నారు. అప్పట్నించి మా ఇంటికొచ్చినప్పుడల్లా పాతదాన్ని చూసి, నలుగురూ వచ్చిపోయే ఇంట్లో ఈ డబ్బా ఏంటని నవ్వేది. నేను పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే, వాళ్ళిద్దరూ టీవీ కొనడానికి గుంటూరు వెళ్ళేటప్పుడు నేనూ కూడా ఆటో ఎక్కి ఉండేదాన్ని.

సాయంత్రానికి షాపు మనిషి వచ్చి గోడకి నాలుగు చిల్లులు పెట్టి టీవీ తగిలించాడు. కేబుల్ పెట్టె నుంచి పసుపు, తెలుపు, ఎరుపు మూతులున్న మూడు వైర్లు దానికి గుచ్చాడు. బొమ్మ వచ్చింది. మధ్యలో బొమ్మ, అటూ ఇటూ రెండు నల్లటి పట్టీలు. వదినకి అది నచ్చలేదు. "ఇంత పెట్టి కొన్న తెర సగం ఖాళీగా ఉంటే ఎట్లా? అంతా నిండాలి" అంది. ఆ మనిషి ఏదో నొక్కాడు. తెర నిండింది. వార్తలు చదివే అమ్మాయి బుగ్గలు ఒక్కసారిగా పూరీల్లా పొంగాయి. రంగులు కూడా షాపులో ఉన్నంత మెరుపుగా ఉండాలంది వదిన. ఆ మనిషి అలాగే పెట్టి వెళ్ళిపోయాడు.

షాపులో వీళ్ళకి చిలకల్ని, జలపాతాల్ని చూపించారట. ఈకలు లెక్కపెట్టొచ్చు అన్నంత బాగున్నాయని మా ఆయన చెప్పాడు. మా ఇంట్లో చిలకలు లేవు, జలపాతాలు లేవు. ఉన్నవి సీరియళ్ళు. ఆ తెరమీద ప్రతి మనిషీ అడ్డంగా సాగిపోయాడు. సన్నటి పిల్ల కూడా నలుగురు పిల్లల తల్లిలా కనిపించింది. దగ్గరికి వెళ్తే మొహాలు తడిగుడ్డతో అలికినట్టున్నాయి. అన్నిటికన్నా అన్యాయం ఎరుపు. బొట్టు పెట్టుకుంటే బొట్టు దాటి కారేది. ఎర్రచీర కట్టుకున్న మనిషి నడిస్తే ఎరుపు ఆమెకన్నా ఒక అడుగు వెనక నడిచేది. చీర మీద అంచు ఉందో లేదో తెలిసేది కాదు. నాకు కావాల్సిన మెడ కుట్టు, చేతి కుట్టు అందులో ఎక్కడ వెతుక్కోవాలి?

రెండోరోజే ఆ మాట అన్నాను. బొమ్మ బాగాలేదు, పాతదే నయం అన్నాను. మా ఆయన టీవీ వైపు చూశాడు, నా వైపు చూశాడు, అలవాటవుతుందిలే అన్నాడు. షాపుకి ఫోన్ చేయించాను. టీవీలో ఏ లోపమూ లేదు, కేబుల్ వాడిది అన్నారు. కేబుల్ అతను వచ్చి, సిగ్నల్ బ్రహ్మాండంగా ఉందనీ, లోపం టీవీదనీ చెప్పి పోయాడు. మూడో అభిప్రాయం వదినది. లోపం నా కళ్ళది.

ఆ మాట మొదటిసారి నవ్వుతూ అంది. రెండోసారి నవ్వలేదు. నాలుగో రోజుకల్లా అది వీధిలో ఉంది. కూరల బండి దగ్గర, నీళ్ళ ప్లాంటు దగ్గర, మా మరదలికి చూపు ఆనట్లేదు పాపం, పగలూ రాత్రీ సూది పని కదా అని చెప్పిందట. జాలిపడుతూ చెప్పిందట. కుట్టుపని చేసుకు బతికే మనిషి గురించి అంతకన్నా చెడ్డమాట ఇంకొకటి ఉండదు. వంట సరిగా రాదంటే ఇంట్లోవాళ్ళకే నష్టం. చూపు లేదంటే ఇక గుడ్డ ఎవరిస్తారు? స్టేషన్ వీధిలో నాకు పదేళ్ళుగా గుడ్డలిచ్చే టీచరమ్మ కటింగ్‌కి ఇచ్చిన రెండు ముక్కలూ తిరిగి తీసుకుపోయింది. ఇప్పుడే తొందర లేదండీ, మీకు బాగయ్యాక ఇస్తానంది. ఏం బాగవ్వాలని నేను అడగలేదు. అడిగితే ఏడుపు వచ్చేలా ఉంది. ఆమె ముందు ఏడవదలుచుకోలేదు.

గుంటూరు వెళ్ళి కళ్ళు చూపించుకున్నాను. దూరపు చూపు నిక్షేపంలా ఉందన్నారు. దగ్గరికి అద్దాలు ఎప్పట్నించో వాడుతున్నాను, అవీ మార్చక్కర్లేదన్నారు. ఆ మాట ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. మంచిదే కదా అన్నాడు. అక్కకి చెప్పమన్నాను. సరేనన్నాడు. చెప్పలేదు.

అప్పటికి మూడు నెలలైంది. వేటపాలెంలో వదిన వాళ్ళ బంధువుల గృహప్రవేశం ఒకటి వచ్చింది. వదిన పట్టుచీర తెచ్చి, దానిమీదకి జాకెట్టు గుడ్డ నన్నే తెచ్చి కుట్టమంది. నా కళ్ళు పోయాయని ఊరంతా చెప్పిన మనిషి కుట్టు మాత్రం నా దగ్గరికే తెచ్చింది. బయటివాళ్ళకిస్తే ఊరికే కుట్టరుగా. ఎలాంటి రంగు కావాలంటే, నిన్నటి సీరియల్లో పెద్దకోడలు వేసుకున్న జాకెట్టు రంగు అంది. ఆ భాగం నేనూ చూశాను. మా తెరమీద ఆ జాకెట్టు పండుమిరపకాయ ఎరుపు. ఎందుకైనా మంచిదని, పండుమిరప ఎరుపే కదా అని ఆవిడని అడిగాను కూడా. నా మాట సరిగా వినకుండానే, చూశావుగా, అదే అంది. పాత టీవీ అయితే ఎంత తగ్గించి చూడాలో నాకు తెలుసు. దీని సంగతి నాకు తెలీదు. కనిపించిందే నమ్మి, గుంటూరు వెళ్ళి గుడ్డ తెచ్చి కుట్టేశాను.

వదిన వచ్చి చూసుకున్న రోజు ముందుగదిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కొలతలివ్వడానికి కూర్చుని ఉన్నారు. మా ఆయన అప్పుడే మిర్చి యార్డు నుంచి వచ్చి, స్నానం చేసి, కుర్చీలో టీ తాగుతున్నాడు. వదిన జాకెట్టు విప్పి చేతుల మీద పరుచుకుంది. వెలుతురు వైపు తిప్పి చూసింది. తర్వాత నెమ్మదిగా, అందరికీ వినపడేలా అంది.

"నేనడిగింది రాణి కలర్. కళ్ళు కనపడకపోతే కనపడట్లేదని చెప్పాలమ్మా. ఇట్లా జనం గుడ్డలు పాడుచేయకూడదు."

ఆ ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన చేసే పని చెబితేగానీ నేను ఎందుకు తిరిగానో అర్థం కాదు. మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో మచ్చు చూసేది ఆయనే. మిర్చి టిక్కీ బస్తా మూతి విప్పి, గుప్పెడు కాయలు తీసి, అది కొత్త సరుకో, కోల్డ్ స్టోరేజీలో నిలవున్న సరుకో, బరువు కోసం నీళ్ళు చల్లారో లేదో రంగు చూసే చెప్పేస్తాడు. ఎరుపులో ఎన్ని ఎరుపులుంటాయో మా చుట్టాల్లో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. ఆ పెద్దకోడలి జాకెట్టు భాగం వచ్చిన రోజు సీరియల్ నడుస్తున్నప్పుడు ఆయన నా పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు. అదే తెర చూశాడు.

"మీరు చెప్పండి. ఆ రోజు సీరియల్లో ఆ జాకెట్టు ఏ రంగు?" అన్నాను.

ఆయన గ్లాసులోకి చూశాడు. "ఎందుకీ గొడవ? ఇంకో గుడ్డ తెచ్చి కుట్టివ్వు, అయిపోతుంది" అన్నాడు.

ఇంకో గుడ్డ తెచ్చి కుట్టిచ్చాను. రాణి కలరే. వదిన అది వేసుకుని వేటపాలెం వెళ్ళొచ్చింది, అందరూ బాగుందన్నారట. ఆ రోజు కొలతలివ్వడానికి కూర్చున్న ఇద్దరిలో ఒకామె మళ్ళీ రాలేదు.

మర్నాడు నా మెషిన్‌ని తిప్పేశాను. ఇరవై ఏళ్ళు టీవీ వైపు మొహం పెట్టి కుట్టినదాన్ని, గోడవైపు మొహం పెట్టుకుని కూర్చున్నాను. వీపు వెనక సీరియళ్ళు మాటలుగా నడిచేవి. మా ఆయనతో కూడా మాటలు తగ్గించేశాను. అన్నం పెట్టేదాన్ని, బట్టలు ఉతికేదాన్ని, అడిగినదానికి జవాబిచ్చేదాన్ని. అంతకుమించి లేదు. ఆయన ఒకటి రెండుసార్లు మెషిన్ ఎందుకు తిప్పావని అడిగాడు. వెలుతురు కోసం అన్నాను. ఆ గోడవైపు కిటికీ లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

అలా నెలన్నర గడిచింది. నాకు పాత టీవీ మీద బెంగ పోలేదు. స్టేషన్ దగ్గర ఒక ముసలాయన ఉన్నాడు. ఒకప్పుడు రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు, ఇప్పుడు మిక్సీలు, ఫ్యాన్లు, ఫోన్లు. ముస్లింలు వాళ్ళు, మూడు తరాలుగా ఆ కొట్టు వాళ్ళదే. చిన్నప్పట్నించీ బాబాయ్ అనే పిలుస్తాను. మా పాత టీవీకి రెండుసార్లు వైద్యం చేసింది ఆయనే. ఎక్కడైనా అలాంటి డబ్బా టీవీ దొరుకుతుందా అని అడగడానికి వెళ్ళాను.

ఆయన నా మాటంతా విని, అవి దొరికినా పార్టులు దొరకవమ్మాయ్ అన్నాడు. ముందు ఉన్నదానికి ఏమైందో చూద్దామన్నాడు. ఏమీ కాలేదు బాబాయ్, అది పుట్టుకే అంత అన్నాను. ఆయన నవ్వి, నమాజు చేసుకుని మధ్యాహ్నం వస్తానన్నాడు.

వచ్చాడు. టీవీ పెట్టించి, గుమ్మం దగ్గర నిలబడి ఒక్క నిమిషం చూశాడు. దగ్గరికి కూడా వెళ్ళలేదు. రిమోట్ అడిగి తీసుకున్నాడు.

"ఇట్లా సాగదీసి పెట్టమన్నదెవరు?" అన్నాడు.

తెర నిండాలన్నారని చెప్పాను. ఎవరన్నారో చెప్పలేదు. ఆయన నాకు అర్థమయ్యేలా చెప్పాడు. మన కేబుల్లో వచ్చే బొమ్మ ఇంకా పాత టీవీల కొలతకే వస్తుందట, దాదాపు చదరంగా. ఈ తెర అడ్డంగా పొడుగు. ఎనభై సెంటీమీటర్ల గుడ్డని లాగి మీటరు చేసి కుడితే జాకెట్టు ఎలా ఉంటుందో మొహాలూ అలాగే ఉంటాయన్నాడు. నల్లపట్టీలు ఉంటేనే మనుషులు మనుషుల్లా ఉంటారు. ఇక రంగులు. షాపులో వంద లైట్ల మధ్య పది టీవీల్లో ఇదే కళ్ళని లాగాలని రంగులన్నీ పైకి ఎగదోసి పెడతారు. ఇంటికి తెచ్చాక తగ్గించుకోవాలి. ఎవరూ తగ్గించరు.

ఒక బటన్ నొక్కాడు. రెండు పక్కలా నల్లపట్టీలు వచ్చాయి, మధ్యలో మనుషులు సన్నబడ్డారు. ఇంకోచోటికి వెళ్ళి ఏదో మార్చాడు. ఎరుపు లోపలికి తగ్గింది, బొట్టు బొట్టులోనే ఆగింది. ఇంకా కొంచెం మసక ఉంది. అది పెద్దతెర మీద చిన్నబొమ్మ వేస్తే తప్పదనీ, ఆ మూడు వైర్లు తీసేసి ఒక్క వైరుతో వచ్చే హెచ్‌డీ పెట్టె కేబుల్ వాణ్ణి అడిగి పెట్టించుకుంటే అదీ పోతుందనీ చెప్పాడు. ఎంతసేపు పట్టిందని తర్వాత లెక్కేసుకున్నాను. నేను టీ పెట్టి తెచ్చేలోపు అయిపోయింది.

ఆయన వెళ్ళిపోయాక నేను సంతోషపడాల్సింది. పడలేదు. కుర్చీలో కూర్చుని ఆ బొమ్మనే చూస్తూ ఉంటే కోపమొచ్చింది. టీవీ చెడ్డదైతే చెడ్డదని ఊరుకునేదాన్ని. నా కళ్ళే చెడిపోతే ఖర్మ అనుకునేదాన్ని. నాలుగున్నర నెలలు నన్ను గుడ్డిదాన్ని చేసింది రెండు బటన్లు. వాటిని నొక్కించిన మనిషి నోటితోనే నేను గుడ్డిదాన్ని అనిపించుకున్నాను.

సాయంత్రం మా ఆయన వచ్చాడు. కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చుని టీవీ చూశాడు. నేను ఏమీ చెప్పలేదు. కాసేపటికి తనే, "ఇప్పుడు ఎరుపు సరిగా ఉంది" అన్నాడు.

"ఇంతకుముందు సరిగా లేదా?" అన్నాను.

"లేదుగా. మొదటిరోజే తెలిసింది. రంగేసిన కాయలా ఉండేది."

 యార్డులో తెల్లబోయిన తాలుకాయలకి రంగేసి అమ్మచూస్తే ఆయన మూతి విప్పకుండానే వాసన పట్టేస్తాడు, రైతు మొహం మీదే చెప్పేస్తాడు. ఆ సంగతి నాకు గొప్పగా ఉండేది.

"ఆ రోజు వదిన జాకెట్టు?"

"మన టీవీలో ఎరుపే. నేనూ చూశాగా."

"మరి అంతమందిలో నన్నంటుంటే ఎందుకు చెప్పలేదు?"

ఆయన రిమోట్‌ని ఇటూ అటూ తిప్పాడు. "అక్క కదా" అన్నాడు.

అరవాలనిపించింది. అరవలేదు. లేచి వెళ్ళి వంటింట్లో నిలబడ్డాను. ఆయన ఆ రంగు సరిగా గమనించక ఊరుకున్నాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ ఒక్క ఊహతోనే నా కోపాన్ని కొంచెం ఓర్చుకుంటూ వచ్చాను. ఇప్పుడు అదీ లేకుండా పోయింది.

ఆ వారమే వదిన ఇంట్లో వ్రతం. వీధిలో ఆడవాళ్ళంతా వచ్చారు, టీచరమ్మతో సహా. నేనూ వెళ్ళాను. తాంబూలం తీసుకునేటప్పుడు వదిన అలవాటుగా, కళ్ళు ఎట్లా ఉన్నాయమ్మా అని అడిగింది.

"బాగానే ఉన్నాయి వదినా. ఎప్పుడూ బాగానే ఉన్నాయి. మీరు ఆ రోజు టీవీని సాగదీసి పెట్టించారు, రంగులు ఎగదోయించారు. అది సరిచేయించాను. నాకు చూపు లేదని మీరే అందరికీ చెప్పారు కాబట్టి, ఉందని కూడా మీ ఇంట్లోనే చెప్తున్నాను" అన్నాను.

గొంతు పెంచలేదు. వదిన మొహం ఎర్రబడింది. పండగపూట ఇంటికొచ్చి ఇదేం మాటతీరని, నేనేదో చనువుకొద్దీ అన్నానని, దానికి ఇంత మనసులో పెట్టుకున్నావా అని అంది. పెట్టుకున్నానన్నాను. టీచరమ్మ తలొంచుకుని శనగలు సర్దుకుంది. ఆ హాల్లో వదిన వాళ్ళ టీవీ నడుస్తోంది, ఎవరో పాటలు పాడుతున్నారు. అందులో కూడా ప్రతి మనిషీ అడ్డంగా సాగి, బుగ్గలు పొంగి, చీరలోంచి రంగు కారిపోతోంది. రిమోట్ నా చేతికందే దూరంలో సోఫా మీదే ఉంది. నేను తాంబూలం తీసుకుని వచ్చేశాను.

ఆ తర్వాత టీచరమ్మ గుడ్డలు పంపింది. తను రాలేదు, పక్కింటావిడతో పంపింది. మిగతావాళ్ళలో కొందరు వచ్చారు, కొందరు అలవాటైన కొత్త దర్జీ దగ్గరే ఉండిపోయారు. మెషిన్‌ని మళ్ళీ టీవీ వైపు తిప్పుకున్నాను. కేబుల్ అతనితో పోట్లాడి హెచ్‌డీ పెట్టె పెట్టించాను. ఇప్పుడు పైపింగ్‌లో దారం పోగు కూడా కనిపిస్తుంది, నిజమే. సీరియల్ వాళ్ళ పౌడరు మొహాల మీద పగుళ్ళు కూడా కనిపిస్తాయి. పని వరకూ చూసి కట్టేస్తాను.

వదిన మా ఇంటికి రావడం మానేసింది. మా ఆయన ఆదివారాలు అక్కడికి వెళ్ళొస్తాడు. మొన్నొక ఆదివారం బయల్దేరుతూ, అక్కకి టీవీ చూస్తే తలనొప్పి వస్తోందట, ఒకసారి వెళ్ళి నువ్వు సరిచెయ్యొచ్చుగా అన్నాడు.

"రెండు బటన్లే. ఏవో మీకు చూపించాగా. మీరే చెయ్యండి" అన్నాను.

చేస్తే సరిపోదు, ఎందుకు మార్చావని అక్క అడుగుతుంది. అప్పుడు తప్పు ఎవరిదో చెప్పాలి. ఆయన చెప్పులేసుకుంటూ కాసేపు గుమ్మంలో ఆగాడు, తర్వాత వెళ్ళాడు. రెండు గంటలకి తిరిగొచ్చాడు. మార్చారా అని అడిగాను.

లేదన్నాడు. అన్నం పెట్టాను. తిన్నాడు.